పాత కారునకు క్రొత్త బ్రేకులు



ముప్పదియైదేండ్లు పల్లెటూరి బడిలో సంధులును సమాసములును చెప్పినవాడు మోటారుబండి బ్రేకులనుగూర్చి ప్రసంగింప వచ్చెనని మీలో కొందరు నవ్వుకొందురేమో. నవ్వినను దోషము లేదు. అయితే ఇది నేను పుస్తకములో చదివి చెప్పుచున్న విషయము కాదు. ఒకనాడు పరదేశములో, కొండదారిలో, నా కుమార్తెయు అల్లుడును ఆరేండ్ల మనుమరాలును నేనును కూర్చున్న బండి ఆపబోయిన ఆగలేదు. ఎందుకు ఆగలేదో తెలిసికొనుటకు నాకు రెండు మాసములు పట్టినది. మీ బిడ్డలలోను ఎందరో దూరదేశములందున్నారు. వారిలో పాతబండ్లపై మోజుగలవారును ఉందురు. కనుక ఈ సంగతి మీకును అక్కరకు రాకపోదు.

మా అల్లుడు జర్మనీదేశమున మ్యూనిక్ నగరములో ఉద్యోగము చేయుచున్నాడు. వారమెల్ల కంప్యూటరు ముందు కూర్చుండువాడు గనుక, సెలవుదినములలో చేతికి మసి అంటు పని యేదైన ఉండవలెనని 1973లో తయారైన యొక కారును కొనెను. దాని పేరు బి.ఎమ్.డబ్ల్యు. 2002. ఆ సంఖ్యను చూచి నేనును మొదట అది 2002వ సంవత్సరపు బండి యనుకొంటిని. అది రెండు లీటర్ల ఇంజనునుబట్టి పెట్టిన పేరు. నిజమునకు ఇంజను 1990 ఘన సెంటీమీటర్లు. ఆ జాతి బండి 1968లో వెలువడినది. బరువు సుమారు 1000 కిలోలు, బలము 100 గుర్రములది. ఇట్టివానిని స్పోర్ట్సు సెడానులందురు. చూచుటకు సంసారపక్షపు బండి, నలుగురు కూర్చుందురు. పరుగులో మాత్రము పందెపుబండి గుణము కొంత కలదు. ఇటలీవారి ఆల్ఫా రోమియో జూలియా, ఇంగ్లండువారి జాగ్వార్ మార్కు 2 ఈ కోవలోనివే.

ఇవన్నియు ఏబది అరువది ఏండ్లనాటి సృష్టి. నాటి దారులు వేరు, నాటి రద్దీ వేరు. అందుచేత వీనిని నేడు నడుపువారు బ్రేకులను, బండిని చక్రములపై మోయు సస్పెన్షనును మార్చి మెరుగుపరుపబూనుదురు. మా అల్లునికంటె ముందు ఆ కారు గలవాడు అట్లే చేసియుండెను. ముందు చక్రములకు పెద్ద పెద్ద ఎఱ్ఱని కాలిపర్లు బిగించి, స్ప్రింగులు పొట్టివి వేసి, బండిని నేలకు బాగుగ దించియుండెను. చూచువారికి ముచ్చటగనే ఉండెను.

ఆస్ట్రియాదేశమున గ్రోస్‌గ్లోక్‌నర్ కొండదారి యని ప్రసిద్ధమైన మార్గము కలదు. 1935లో తెరచిరి. పొడవు 48 కిలోమీటర్లు. అందులో వెనుకకు మడిచినట్లు తిరుగు మలుపులు 36. దారి హోఖ్‌టోర్ అను కనుమవద్ద సముద్రమట్టమునకు 2504 మీటర్ల ఎత్తు చేరి, అచ్చటినుండి దక్షిణముగా హైలిగెన్‌బ్లూట్ గ్రామమునకు దిగును. ఆ గ్రామము సుమారు 1300 మీటర్ల ఎత్తున నున్నది. అనగా దిగుడు 1200 మీటర్లు. ఒక వేసవిలో మేము నలుగురము ఆ దారిని పోయితిమి. ఎక్కుట సుఖముగనే జరిగినది. దిగునపుడు సగము దారిలో ఏదియో మాడుచున్న వాసన వచ్చెను. తరువాతి మలుపునకు ముందు అల్లుడు బ్రేకు పెడలు త్రొక్కగా అది మెత్తగా నేలవఱకు పోయెను. బండి వేగము తగ్గలేదు.

"మామయ్యగారూ, గట్టిగా పట్టుకొనుడు" అని మాత్రమనెను. పెడలును రెండుమూడు మారులు టకటక త్రొక్కి, గేరు రెండవదానికి దించి, చేతిబ్రేకును మెల్లమెల్లగా లాగి, దారిప్రక్కన రాళ్లుపరచిన జాగాలోనికి త్రిప్పి నిలిపెను. మనుమరాలు నిద్రనుండి లేచి "ఊరు వచ్చినదా?" అని అడిగెను. ఎవ్వరమును బదులు చెప్పలేకపోతిమి. విచిత్రమేమన, ముప్పావుగంట తరువాత పెడలు త్రొక్కిచూడగా ఏమియు జరుగనట్లు మునుపటివలెనే గట్టిగా నుండెను. అయినను ఆ దినము మరల ఆ బండిని నడుపలేదు.

ఇక్కడ ఒక లెక్క చెప్పెదను. మాస్టరు బుద్ధి పోదుగదా. బ్రేకు చేయు పని యేమి? కదలుచున్న బండి బలమును వేడిమిగా మార్చి గాలికి విడుచుట. అంతకుమించి యేమియు లేదు. మేము నలుగురము ఎక్కిన బండి బరువు సుమారు 1300 కిలోలు. గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవు ఆ బండిని ఒకమారు ఆపినచో పుట్టు వేడిమి, ఒకటిన్నర లీటరునకు మించిన చన్నీటిని మరగించును. వేగము రెట్టింపైనచో వేడిమి నాలుగురెట్లగును. ఇక కనుమనుండి గ్రామమువఱకు దిగుటలో విడువవలసిన బలమంతయు వేడిమి చేసినచో సుమారు 50 లీటర్ల నీరు మరగును. మన యింట పెండ్లికి పెట్టు పెద్ద కాగు నీరన్నమాట. అందులో కొంత గాలి తీసికొనును. గేరు దించినచో చాలవఱకు ఇంజను తీసికొనును. మా అల్లుడు పై గేరులో ఉంచి, మాటిమాటికి బ్రేకు త్రొక్కుచు దిగెను. కాగు నీరు మరగించు వేడిమిలో పెద్దపాలు నాలుగు చక్రములవద్ద నిలిచినది.

అయిన పెద్ద కాలిపర్లు ఏమైనవి? అది తెలియవలెనన్న బ్రేకు నిర్మాణము కొంత తెలియవలెను. పెడలు త్రొక్కగా మాస్టరు సిలిండరను గొట్టములో నున్న ద్రవము ఒత్తిడిపొంది, సన్నని గొట్టములద్వారా చక్రములవద్దకు పోవును. అక్కడ కాలిపరు, అనగా పట్టుకారు వంటి సాధనము, చక్రముతోపాటు తిరుగు ఇనుప డిస్కును రెండు ప్రక్కల ప్యాడ్లతో నొక్కిపట్టును. ద్రవము నొక్కుటకు లొంగదు గనుకనే కాలి ఒత్తిడి చక్రమునకు చేరుచున్నది. కాని బ్రేకు ద్రవమునకు ఒక గుణము కలదు: గాలిలోని తేమను మెల్లమెల్లగా పీల్చుకొనును. డాట్ 4 అను తరగతి ద్రవము క్రొత్తదైనచో కనీసము 230 సెంటిగ్రేడు డిగ్రీలవఱకు మరుగరాదని నియమము. నూటికి నాలుగుపాళ్లకు కొంచెము తక్కువగా నీరు చేరినచో ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవును. మరిగిన ద్రవములో ఆవిరి బుడగలు పుట్టును. ఆవిరి నొక్కుటకు లొంగును. కాలు త్రొక్కునది బుడగను నొక్కుటతోనే సరిపోవును. చల్లారగనే బుడగ మరల ద్రవమగును, పెడలు గట్టిపడును. కొండమీద మేము చూచిన విచిత్రమిదియే. చేతిబ్రేకు ద్రవముతో పని లేక తీగతో వెనుక చక్రములను పట్టునది గనుక ఆనాడు అది మమ్ము కాచినది.

బండిని మ్యూనిక్ సమీపమున నొక పల్లెలోని వృద్ధ మెకానికునివద్దకు తరలించితిమి. డెబ్బదియేండ్లు దాటినవాడు. అతడు ఎఱ్ఱని కాలిపర్లవంక చూడనైన చూడలేదు. ద్రవము ఎప్పుడు మార్చితిరని అడిగెను. మా అల్లుడు తెల్లబోయెను. బండి కొన్న నాటినుండి మార్చలేదు. అమ్మినవాడు మార్చెనో లేదో తెలియదు. రెండేండ్లకొకమారు మార్చవలెనట. పిమ్మట అతడు చక్రములవద్దకు పోవు రబ్బరు గొట్టములను వంచి చూపెను. పైన నెఱ్ఱెలు విచ్చియుండెను. రబ్బరు ముదిరినచో లోపలి రంధ్రము ఉబ్బి మూసికొనిపోవుననియు, అప్పుడు కాలు తీసినను ద్రవము వెనుకకు రాక, బ్రేకు కొంచెము పట్టియే ఉండి ఊరక వేడెక్కుచుండుననియు చెప్పెను. క్రొత్త బొక్కెనకు చీకిన చేంతాడు కట్టినట్లయినది మా పని.

వ్యాకరణము చదివినవారికి ఆగమము, ఆదేశము అను రెండు మాటలు తెలియును. ఆగమము ఉన్నదానిని చెరుపక ప్రక్కన వచ్చి చేరును. ఆదేశము ఉన్నదానిని తొలగించి ఆ చోట కూర్చుండును. వృద్ధుని మాటలు వినుచుండగా నాకు తోచినదేమన, బండిలో ఆదేశము చేయువాడు పదము మొత్తము ఎట్లు మారునో చూచుకొనవలెను. ఒక్క అక్షరము మార్చి ఊరకుండిన పదము చెడును. అంతకంటెను ముందు, ఉన్న పదము సరిగా ఉన్నదా యని చూడవలెను. ఆలయము జీర్ణించినపుడు గోడల బీటలు పూడ్చక గోపురమునకు బంగారు కలశము పెట్టుట ఎవ్వరు మెచ్చుదురు?

పాత బ్రేకులు చెడ్డవని గాని, మార్పు కూడదని గాని నేననుట లేదు. మునుపు అన్నిచక్రములకును డ్రమ్ము బ్రేకులే ఉండెడివి. డ్రమ్ములోపల బ్రేకు షూలు వెలుపలికి విచ్చుకొని దానిని పట్టును. వేడెక్కినకొలది డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరమగును. అవసరమైనప్పుడే పట్టు తగ్గును. డిస్కు వేడెక్కి వ్యాకోచించినచో ప్యాడ్లకు దగ్గరయగును. పైగా గాలిలో తెరచియుండుటచే త్వరగా చల్లారును. 1953లో ఫ్రాన్సుదేశమున లమాన్ పట్టణమందలి ఇరువదినాలుగు గంటల పందెమున డిస్కు బ్రేకులుగల జాగ్వార్ బండి గెలుచుటతో లోకము వీని గొప్ప నెఱిగినది. 1959లో వచ్చిన మార్కు 2 సెడానునకు నాలుగు చక్రములకును డిస్కులే. మా అల్లుని 2002 నడిమితరము వంటిది: ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు. అదే జాతిలో 1973లో వచ్చిన 170 గుర్రముల టర్బో బండికి ఆ సంస్థవారే ముందు డిస్కులను రెండు పలకలుగా చేసి, నడుమ గాలి పోవుటకు దారులు విడిచిరి. బలము పెరిగినచో బ్రేకు పెరుగవలెనని వారికిని తెలియును.

కాని పెద్ద బ్రేకు ఏమి ఇచ్చును, ఏమి ఇయ్యదు అనునది చాలమంది గ్రహింపరు. చక్రమును తిరుగకుండ పట్టివేయగల బలము పాత బ్రేకునకే కలదు. ఆ పిమ్మట బండి ఎంత దూరములో ఆగునన్నది టైరు నేలను పట్టు పట్టునుబట్టి యుండును. కావున ఒకమారు త్రొక్కి ఆపుటలో పెద్ద డిస్కువలన దూరము తగ్గదు. పదిమార్లు వరుసగా త్రొక్కినప్పుడు పదవమారును మొదటిమారువలె ఆగును. అది దాని లాభము. డిస్కునకు రంధ్రములు తొలిపించుటయు కలదు. అది చాలవఱకు అలంకారమే. ఆ రంధ్రముల అంచులవద్దనే బీటలు మొదలగుట కలదు. పందెములకై చేసిన ప్యాడ్లు మరియొక మోసము. అవి వేడెక్కినగాని సరిగా పట్టవు. ఉదయము సంతకు బయలుదేరు బండికి మొదటి వీధి మలుపులోనే బ్రేకు కావలెను గదా.

తూకము మరియొక విషయము. బండి ఆగునపుడు బరువు ముందుకు ఒరగును. బస్సులో నిలుచున్నవారికి ఇది తెలియనిది కాదు. అందుచేత బ్రేకుబలములో హెచ్చుపాలు ముందునకు, తక్కువపాలు వెనుకకు పంచియుందురు. ఈ పంపకమును చెరిపి వెనుక బ్రేకును హెచ్చించినచో వెనుక చక్రములు ముందుగా బిగిసిపోవును. బిగిసి ఈడ్వబడు చక్రమునకు ప్రక్కకు జారకుండ నిలుచు శక్తి ఉండదు. బండి తోక ముందునకు వచ్చును, బండి సుడి తిరుగును. ముందుదానిని మాత్రమే మితిమీరి పెంచినచో వెనుక టైర్లు సోమరులగును, ముందు చక్రములు త్వరగా బిగిసి స్టీరింగు త్రిప్పినను బండి తిరుగదు. మా బండిది ఈ రెండవ దోషము.

అంతేకాక, కాలిపరులోని పిస్టనులు పెద్దవైనకొలది వానిని నెట్టుటకు ద్రవము ఎక్కువ కావలెను. పాత మాస్టరు సిలిండరునే ఉంచినచో పెడలు చాలదూరము పోవును. దానిని మార్చబోయిన మరియొక చిక్కు. 20.64 మిల్లీమీటర్ల వ్యాసముగల సిలిండరునకు బదులు 23.81 మిల్లీమీటర్లది పెట్టినచో చూచుటకు భేదము మూడు మిల్లీమీటర్లే. వైశాల్యములో మూడవవంతు పెరుగును. పెడలు తక్కువ దూరము పోవును గాని, అదే ఒత్తిడికి కాలు మూడవవంతు అధికముగా త్రొక్కవలెను. డిస్కు మరీ పెద్దదైనచో ఆ బండి 13 అంగుళముల చక్రములో ఇమడదు. చక్రములు మార్చవలెను, టైర్లు మార్చవలెను. ఒక్క ఆదేశమునకు ఎన్ని కార్యములు వచ్చినవో చూడుడు.

ఇక సస్పెన్షను సంగతి. షాక్ అబ్సార్బరు అను పేరు అన్వర్థము కాదు. గతుకు దెబ్బను తీసికొనునది స్ప్రింగు. దెబ్బ తినిన స్ప్రింగు ఊరకుండక ఊయలవలె ఊగుచుండును; ఆ ఊపును అణచునది షాక్ అబ్సార్బరు. దానిలోని నూనె చిన్న రంధ్రములగుండ దూరుటలో ఊపు వేడిమిగా మారును. ఇదియును ఒక విధమైన బ్రేకే. అది చెడినచో చక్రము నేలమీద ఎగిరెగిరి పడును. గాలిలో నున్న చక్రమును ఎంత గొప్ప బ్రేకు పట్టిన నేమి లాభము? మాటిమాటికి కదలినచో ఆ నూనె నురగకట్టి బలము తప్పుట పూర్వము కలదు. నూనెను వాయువు ఒత్తిడిలో నుంచి నురగను అరికట్టు విధానమును జర్మనీలోని బిల్‌స్టయిన్ సంస్థవారు 1957లో మెర్సెడెస్ బెంజ్ కార్లకు అమర్చిరి. పాతబండికి చేయదగిన మేలైన మార్పులలో ఇది యొకటియని వృద్ధుని అభిప్రాయము. బయటికి కనబడదు గనుక కుఱ్ఱవారు దీనికి డబ్బు పెట్టరని నవ్వెను.

బండిని నేలకు దించుట మాత్రము అతనికి గిట్టదు. ఇందులో నాకు మిక్కిలి ఆశ్చర్యము కలిగించిన విషయ మొకటి కలదు. మలుపులో బండి ప్రక్కకు వాలునపుడు ఒక కీలుచుట్టును వాలునట్లు భావింపుడు. బండి బరువునకు నడిబిందువు ఆ కీలునకు ఎంత ఎత్తున నుండునో అంత లోతుగా వాలును. ఆ బండి ముందుచక్రములవద్ద స్ప్రింగును, షాక్ అబ్సార్బరును ఒకే నిలువు కంబముగా కూర్చియుందురు. ఎర్ల్ మాక్‌ఫర్సన్ అను అమెరికా ఇంజనీరు కల్పించిన విధానమిది. ఇట్టి బండిలో పొట్టి స్ప్రింగులు వేసినచో బరువు నడిబిందువు ఎంత దిగునో, చక్రమును పట్టు క్రిందిచేయి వాలు మారుటచే కీలు అంతకంటె ఎక్కువ దిగును. రెండింటి నడుమ దూరము తగ్గుటకు బదులు పెరుగును. కనుక నేలకు దించిన బండి తక్కువ వాలునని మనము తలచితిమా, స్ప్రింగు గట్టిదనము మార్చనిచో అది మునుపటికంటె ఎక్కువ వాలజూచును! వెనుక చక్రములు దించినకొలది పైభాగము లోపలికి ఒరగునట్లు ఆ బండిని కట్టియున్నారు. మా బండి వెనుక టైర్లు లోపలి అంచున దారపుపోగులు కనబడునంత అరిగియుండెను. బయటినుండి చూచువానికి అవి క్రొత్తటైర్లవలెనే ఉండెను. ఆ సంగతి విన్న మా అమ్మాయి అక్కడనే కూలబడినది.

టైరు ప్రక్కన నాలుగంకెల సంఖ్య యొకటి అచ్చువేసియుందురు. 2319 అని యున్నచో 2019వ సంవత్సరము 23వ వారమున చేసినదని అర్థము. అరగకున్నను టైరు రబ్బరు ఏండ్లు గడచినకొలది గట్టిపడి పట్టు తప్పును. అల్లుడు ఆనాటినుండి ఎవరి బండి చూచినను మొదట వంగి ఈ అంకెలు చదువుచున్నాడు. మర్యాదగా లేదని కుమార్తె విసుగుకొనుచున్నది.

వృద్ధుడు చేసిన పని వరుస ఇది: టైర్లు, రబ్బరు గొట్టములు, ద్రవము, చక్రముల బేరింగులు, సస్పెన్షను చేతుల కీళ్లలోని రబ్బరు బుష్షులు. ఈ బుష్షులకు బదులు పాలీయూరితేనను గట్టి ప్లాస్టికువి వేయుడని అల్లుడు కోరెను. ఆ కీళ్లు ఒక్కదారిలో మాత్రమే తిరుగక కొంచెము మెలిపడవలెననియు, గట్టివైనచో అడ్డుపడి కిఱ్ఱుమనుననియు చెప్పి క్రొత్త రబ్బరువే వేసెను. పిదప సంస్థవారి కొలత స్ప్రింగులు, వాయువు ఒత్తిడి షాక్ అబ్సార్బర్లు. చిట్టచివరనే బ్రేకులవంక చూచెను. ఎఱ్ఱని కాలిపర్లను ఉంచెను. వానికి తగిన మాస్టరు సిలిండరు అమర్చి, ముందు వెనుకల తూకము కొలిచి సరిచేసెను. జర్మనీలో ఇట్టి మార్పును పరీక్షాధికారికి చూపి పత్రములలో ఎక్కింపకున్నచో బండి దారినెక్కు అనుమతి రద్దగును. ముప్పదియేండ్లు దాటిన బండ్లకు 1997నుండి ప్రత్యేక సంఖ్యాఫలకము ఇచ్చుచున్నారు. అది కావలెనన్న మార్పులు ఆ బండి కాలమునకు తగినవై యుండవలెను. అన్నిటికిని కలిపి అయిన వ్యయము వినగా నాకు బండి కొన్న వెలయే తక్కువ యనిపించినది. అల్లుడు మాత్రము కిమ్మనలేదు.

మరుసటి వేసవిలో నేను మరల పోయినపుడు, మరల ఆ కొండకే పోదమని అతడనెను. కుమార్తె వలదనెను. చివరకు ఆమెయే, పాపను పొరుగింట విడిచి, తానును ఎక్కెను. కనుమనుండి రెండవ గేరులోనే దిగితిమి. మలుపునకు ముందు మాత్రము బ్రేకు, తరువాత కాలు తీయుట. హైలిగెన్‌బ్లూట్ చర్చి సన్నని గోపురము కనబడువఱకు ఎవ్వరమును మాటలాడలేదు. గ్రామములో బండి దిగి చక్రముదగ్గర అరచేయి చాపి చూచితిని. వేడిగనే ఉండెను. వాసన మాత్రము లేదు. అల్లుడు లోపలనే కూర్చుండి, ఆగియున్న బండి పెడలును మరియొకమారు త్రొక్కి చూచుచుండెను.